తీగ మీద ఫిర్యాదు

మా నాన్న ఫోన్ నంబరు మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ గోడ మీద ఉంటుంది. స్విచ్చి బోర్డు పక్కన కొందరు పెన్సిలుతో రాసుకున్నారు, కొందరు బొగ్గుతో. పైడమ్మ మామ్మ పిండి మరలో అయితే దేవుడి పటం కింద ఎర్ర రంగుతో రాయించింది. శుక్రవారం పటానికి బొట్టు పెట్టేటప్పుడు ఆ నంబరుకి కూడా ఒకటి పెడుతుంది. నాన్న పేరు రాఘవులు. మా ఊరి లైన్‌మేన్. కరెంటు పోతే రాజోలు ఆఫీసుకి ఎవరూ చెయ్యరు. నాన్నకే చేస్తారు.

నాన్నకి రెండు ఫోన్లు. సబ్‌స్టేషన్ వాళ్లతో మాట్లాడే చిన్న ఫోను జేబులో ఉంటుంది. ఊరివాళ్లు చేసే ఫోను వానలో తడిసిపోతుందని ఇంట్లో వదిలేసి వెళ్తారు. మేం దాన్ని ఊరి ఫోను అంటాం. వానాకాలంలో ఊరి ఫోను ఎత్తడం నా పని.

నాకు మాట్లాడటం చేతకాదు. బళ్లో మేష్టారు లేచి పాఠం చదవమంటేనే పుస్తకం వెనక మొహం దాచుకుంటాను. ఫోన్ ఎత్తి హలో కూడా అనను. అవతలివాళ్లు చెప్పేది విని "ఆయ్" అని పెట్టేస్తాను. ఎవరు చేశారో, ఎన్నింటికి చేశారో డైరీలో రాసి నాన్న రాగానే చూపిస్తాను. కరెంటు ఎన్నింటికి వచ్చిందో కూడా పక్కన రాస్తాను. ఫోన్లో ప్రసన్న "ఆయ్" అందంటే ఇంకాసేపట్లో కరెంటు వచ్చేస్తుందని మా ఊళ్లో అందరికీ నమ్మకం.

ఆ ఏడు మే నెలాఖరులో ఈదురుగాలి వచ్చిన సాయంత్రం నాన్న స్తంభం మీద జారారు. నడుముకి బెల్టు ఉండబట్టి కింద పడలేదు కానీ, బరువంతా ఎడం చేతి మీద పడింది. అమలాపురం తీసుకెళ్తే డాక్టరు గారు ఫొటో తీసి చూసి, ఆరు వారాలు విశ్రాంతి అన్నారు. ఆ తర్వాత కూడా భుజం దాటి పైకెత్తే పని పెట్టుకోవద్దన్నారు.

"మరి ఆయన పనంతా భుజం పైనే కదండీ" అంది అమ్మ.

నాన్న తొమ్మిది రోజులు ఇంట్లో ఉన్నారు. పదో రోజు వానొచ్చింది.

*

జూన్ రెండో వారంలో కరెంటాఫీసు ఏఈ సత్యప్రసాద్ గారు మా ఇంటికి వచ్చారు. ఆయన బండి వెనకాల దానియేలు మావయ్య కూర్చుని ఉన్నాడు. మావయ్య కూడా లైన్‌మేనే. నాన్నా ఆయనా పదిహేనేళ్లు జోడీగా పనిచేశారు. రెండేళ్ల కిందట గాలివానలో స్తంభం మీంచి పడిపోయి రెండు కాళ్లూ విరిగాయి. కుడి కాలు ఇప్పటికీ వంగదు. సెక్షనాఫీసులో కూర్చుని రిజిస్టర్లు రాస్తుంటాడు. మా అరుగు మెట్లు మూడే. ఆ మూడూ ఎక్కడానికి మావయ్యకి గోడ కావాలి, కర్ర కావాలి, కాసేపు ఆగడం కావాలి. అమ్మ ఎప్పుడూ ఆయనకి కాఫీ ఇచ్చి, ఒక్క నిమిషం కూడా నిలబడకుండా లోపలికి వెళ్లిపోతుంది.

ఏఈ గారు చిన్నవారు. ఫైలు ఒళ్లో పెట్టుకుని, "రాఘవులు గారూ, ఒక మంచి మాట, ఒక చెడ్డ మాట" అన్నారు. "తుఫాను దెబ్బ తినే ఊళ్లలో కరెంటు లైన్లు గట్టిపరచడానికి గ్రాంటొచ్చింది. అప్పు కాదు, ఎవరూ తిరిగి కట్టక్కర్లేదు. తీగ తీసేసి కేబుల్ భూమిలో వేస్తారు. మన సెక్షన్లో మూడు లైన్లకి ఇస్తారు."

"మంచి మాటేనండి" అన్నారు నాన్న.

"జనం ఎక్కువ ఇబ్బంది పడుతున్న లైన్లకి ముందు. ఇబ్బందంటే ఫిర్యాదులు. టోల్‌ఫ్రీ నంబరుకి ఎన్ని ఫోన్లు వచ్చాయన్నదే లెక్క."

"అయితే మా ఊరికి రావాలి కదండీ సార్. ఆ తీగ ముప్పై ఏళ్లనాటిది. కొబ్బరి తోటలోంచే వస్తది. మట్ట పడ్డప్పుడల్లా తెగుద్ది."

"అదే చెడ్డ మాట" అన్నారు ఏఈ గారు. "రెండేళ్లలో మీ ఊరి నుంచి వచ్చిన ఫిర్యాదులు ఎన్నో తెలుసా? ఒకటి."

దానియేలు మావయ్య నవ్వాడు. గుమ్మంలో ఉన్న అమ్మ, "ఆ ఒక్కటీ చేసిందెవరండీ?" అంది.

ఎవరో మాకు తెలుసు. పైడమ్మ మామ్మ అల్లుడు. మండపేట నుంచి చుట్టపుచూపుగా వచ్చి, రెండు గంటలు ఉక్కపోత భరించలేక ఆ నంబరుకి చేశాడు. ఆ సాయంత్రమే మామ్మ అతన్ని మా వాకిట్లోకి తీసుకొచ్చి నిలబెట్టింది. నాన్న చేతికి అరటిపళ్ల అత్తం ఇచ్చి, "బయటి ఊరివాడు, తెలీక చేశాడు. మనసులో ఎట్టుకోకు రాఘవులూ" అంది. నాన్న కంటే ఆ అల్లుడే ఎక్కువ సిగ్గుపడ్డాడు.

సబ్‌స్టేషన్ రిజిస్టర్లో కూడా మా ఊరి చీకటి ఉండదు. అక్కడ పెద్ద లైను పోతేనే రాస్తారు. మా ఊరికి వచ్చే బ్రాంచి లైన్లో ఏదైనా జరిగితే నాన్న పరిగెత్తి మొదట్లో ఉన్న స్విచ్చి దించేస్తారు. మిగతా ఊళ్లన్నిటికీ నిమిషంలో కరెంటు వచ్చేస్తుంది. మా ఊరు మాత్రం నాన్న స్తంభం ఎక్కి, దిగేదాకా ఆగుతుంది.

"కాగితాల ప్రకారం ఈ చుట్టుపక్కల మీ ఊరంత సుఖంగా ఉన్న ఊరు లేదండి" అన్నారు ఏఈ గారు. "జూలై ఆఖరు దాకా వచ్చినవి లెక్కలోకి తీసుకుంటారు. ఊళ్లో చెప్పండి. కరెంటు పోతే మీకు కాదు, ఆ నంబరుకి చెయ్యమనండి."

"ఆయ్" అన్నారు నాన్న.

వాళ్లు వెళ్లిపోయాక నాన్న అమ్మ వైపు తిరిగారు. "గడపగడపకీ వెళ్లి, నా మీద ఫిర్యాదు ఎట్టండి బాబూ అని అడగనా? ఇరవై రెండేళ్ల నుంచి ఎవరి చేతా మాట పడలేదు నేను."

అమ్మ కాఫీ గ్లాసులు తీస్తూ, "మెట్లు దిగడానికి దానియేలన్నయ్యకి ఎంతసేపు పట్టిందో చూసేరా?" అంది. ఏ మాటన్నా ఆవిడ అడిగేది ఒకటే ప్రశ్న. ఈ ఏడు తుఫాను వచ్చేసరికి ఈ చేత్తో ఈయన ఏ స్తంభం మీద ఉంటారు అని.

*

నాన్న అడగలేదు. అందుకని అమ్మ నాకు చెప్పింది. "ఇవాళ్టి నుంచి ఆయ్ అనకు. ఆ నంబరు చెప్పు."

నంబరు నాలుగంకెలే. డైరీ అట్ట మీద పెద్దగా రాసుకున్నాను. నోట్లో రోజంతా అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం గాలికి కరెంటు పోయింది. నాన్న సైకిలెక్కి వెళ్లారు. ఊరి ఫోను మోగింది.

సుబ్రహ్మణ్యేశ్వరరావు తాతగారు. మా ఊరి లైను వచ్చేది ఆయన కొబ్బరి తోటలోంచే.

"ఏవమ్మా, కరెంటు పోయినట్టుందే."

"తాతగారూ... ఒక నంబరు ఉందండీ. దానికి చెయ్యాలటండీ."

"ఏం, నాన్న ఊళ్లో లేడా?"

"ఉన్నారండీ."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నారండీ."

"మరి ఇంకో నంబరెందుకమ్మా?"

"ఆయ్" అన్నాను. ఫోన్ పెట్టేశాను. ఆ రోజు డైరీలో 'నేను పనికిరాను' అని రాసుకుని, మళ్లీ అమ్మ చూస్తుందేమోనని కొట్టేశాను.

నా సంగతి చూసి అమ్మ తనే బయల్దేరింది. బియ్యం తీసుకుని పైడమ్మ మామ్మ పిండి మరకి వెళ్లింది. మా ఊళ్లో పిండి మరలో చెప్పిన మాట పిండి కంటే ముందు ఇల్లు చేరుతుంది. రెండు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. భూమిలోంచి కేబుల్ రావాలంటే ఆ నంబరుకి చెయ్యాలి. అందరూ చేస్తామన్నారు. చేశారు కూడా.

అందుకే జూలై మొదట్లో దానియేలు మావయ్య ఆఫీసు కాగితాలు పట్టుకుని వచ్చినప్పుడు మేం ముగ్గురం అరుగు మీదకి వచ్చి కూర్చున్నాం.

"పదకొండు ఫోన్లు వెళ్లాయి మీ ఊరి నుంచి" అన్నాడు మావయ్య, కర్ర పక్కన పెట్టి. "విను. మొదటిది సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. ఆ పేరు రాసుకోడానికే అక్కడ ఫోనెత్తిన అమ్మాయికి మూడు నిమిషాలు పట్టిందట. కరెంటు పోయి ఎంతసేపైందండీ అంటే ఏవన్నారో తెలుసా? 'పోతే పోయిందిలెండి, మా రాఘవులు వచ్చేస్తాడు. ఆడికి మాత్రం ఏ మాటా రాకూడదు.' అని పెట్టేశారు."

నాన్న నేల చూస్తున్నారు.

"రెండోది పైడమ్మ గారు. 'మా లైన్‌మేను బంగారమమ్మా. నీకేవైనా పనుంటే చూసుకో, మాకేం తొందర్లేదు. అన్నం తిన్నావా?' అన్నారట. మూడోది, 'కరెంటు పోయింది గానీ అది దేవుడి తప్పండీ, మనిషి తప్పు కాదు.' ఇంకా చదవమంటావా? పదకొండూ ఇంతే. కంప్యూటర్లో వీటిని ఫిర్యాదుల కింద వెయ్యలేదు. ప్రశంసల కింద వేశారు."

"అంటే?" అంది అమ్మ.

"అంటే మీ ఊరి ఫిర్యాదులు ఇప్పటికీ ఒకటేనమ్మా. అదీ మండపేట అల్లుడిది. పైగా, పంద్రాగస్టుకి రాఘవులికి ప్రశంసాపత్రం ఇవ్వమని పైనుంచి కాగితం వచ్చింది."

మావయ్య నవ్వాడు. నాన్న కూడా ఆపుకోలేక నవ్వేశారు. భుజం దెబ్బ తగిలాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. నాకూ నవ్వొచ్చింది.

అమ్మ నవ్వలేదు. "పటం కట్టించి పెడదాం అన్నయ్యా" అంది. "రేపు ఆయన ఫొటో పెట్టాల్సి వస్తే పక్కన బావుంటది."

అని లోపలికి వెళ్లిపోయింది. మావయ్య కాఫీ చల్లారిపోయింది.

*

ఆ సాయంత్రం నేను డైరీ వెనక పేజీలో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. నమస్కారమండీ. మా ఊళ్లో కరెంటు లేదండీ. మా సర్వీసు నంబరు ఇది. త్వరగా చూడండీ. నాలుగూ కలిపి చదివితే పది క్షణాలు. పది క్షణాలు నేను మాట్లాడగలను అనుకున్నాను. కానీ తర్వాత రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ ఆ పేజీ తీసి చూసి, మళ్లీ మూసేశాను. నాన్న పేరు చెప్పమంటారేమో. నాన్నని పిలిచి తిడతారేమో.

జూలై మూడో వారం, శనివారం. బడి మధ్యాహ్నానికే వదిలేశారు. మూడింటికి ఆకాశం నల్లబడింది. గాలి ఒక్కసారి వచ్చి కొట్టింది. మా వీధి చివర, తాతగారి తోట అంచున, కొబ్బరి మట్ట ఒకటి ఊగి ఊగి తీగ మీద పడింది. చిటపటమంది. ఇళ్లలో ఫ్యాన్లు ఆగిపోయాయి.

నాన్న వెళ్లి స్విచ్చి దించి, సబ్‌స్టేషన్‌కి చెప్పి, బెల్టు కట్టుకుని స్తంభం ఎక్కారు. మా అరుగు మీంచి కనిపిస్తూనే ఉన్నారు. వాన సన్నగా మొదలైంది. ఊరి ఫోను నా చేతిలో మోగుతోంది. నేను ఎత్తలేదు. నాన్ననే చూస్తున్నాను.

ఆయన ఎడం చెయ్యి తీగ దాకా వెళ్లడం లేదు. రెండుసార్లు ప్రయత్నించారు. అప్పుడు కుడి చేత్తో ఎడం మోచెయ్యి పట్టుకుని, ఎవరిదో వస్తువు ఎత్తినట్టు పైకెత్తి, తీగ మీద పెట్టుకున్నారు. అది జారింది. మళ్లీ ఎత్తి పెట్టుకున్నారు.

మోగుతున్న ఫోన్ కట్ చేసి, ఆ నాలుగంకెలూ నొక్కాను.

"నమస్కారం, చెప్పండి" అంది అవతల అమ్మాయి.

"నమస్కారమండీ. మా ఊళ్లో కరెంటు లేదండీ."

ఊరి పేరు, సర్వీసు నంబరు చెప్పాను. నాలుగో వాక్యం చెప్పబోతుంటే ఆవిడ అడిగింది.

"మీ లైన్‌మేన్‌కి చెప్పారా అమ్మా?"

"ఆయ్."

"వచ్చారా?"

"వచ్చేరండీ. స్తంభం మీద ఉన్నారు."

"మరింకేంటమ్మా? పని జరుగుతోంది కదా."

దీనికి నా దగ్గర వాక్యం లేదు. వాన చినుకులు డైరీ మీద పడుతున్నాయి. ఫోన్ పెట్టేస్తే అయిపోతుంది. అవతల ఆవిడ పెట్టెయ్యలేదు, ఆగింది.

"ఆయన ఎక్కకూడదనే చేస్తున్నానండీ" అన్నాను.

"అర్థం కాలేదమ్మా. లైన్‌మేన్ మీద ఫిర్యాదా?"

"కాదండీ. తీగ మీద."

"తీగ మీదా?"

"పాత తీగండీ. అన్నీ అతుకులే. అతుకు మీద అతుకు. మట్ట పడితే తెగిపోద్ది, గాలేస్తే తెగిపోద్ది. తెగినప్పుడల్లా ఆయన ఎక్కి కట్టాలి. జూన్ ఒకటో తారీఖు నుంచి ఇవాళ్టికి పంతొమ్మిదిసార్లు పోయిందండీ. తారీఖులు కావాలంటే ఉన్నాయి."

నేను అంతసేపు ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

"చెప్పండి" అంది ఆవిడ.

డైరీ తిప్పుతూ చదివాను. ఏ రోజు, ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది. అవతల మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. పంతొమ్మిదీ అయ్యాక, "ఇవి ఎవరు రాశారమ్మా?" అంది.

"నేనేనండీ."

"లైన్‌మేన్ మీకేమవుతారు?"

వద్దనుకుంటూనే చెప్పాను. "మా నాన్నండీ."

మళ్లీ మీటల చప్పుడు వినిపించింది. తర్వాత, "తీగ మీదే రాశానమ్మా" అంది. ఫిర్యాదు నంబరు చెప్పింది. డైరీలో రాసుకున్నాను. వాన చినుకులు పడి ఆ అంకెలు ఇప్పటికీ అలుక్కుపోయే ఉన్నాయి.

నాన్న దిగి వచ్చేసరికి తడిసి ముద్దయ్యారు. తుండు అందించాను. "ఎవరమ్మా ఫోన్లో? పైనుంచి చూశాను, చాలాసేపు మాట్లాడుతున్నావ్."

"ఆ నంబరుకి నేనే చేశాను నాన్నా."

తల తుడుచుకోవడం ఆపారు. "ఏం చెప్పేవు?"

"తీగ మీద ఫిర్యాదు పెట్టాను."

నాన్న వెనక్కి తిరిగి తీగ వైపు చూశారు. వానలో అది తాతగారి తోటలోంచి వంగి, లేచి, మళ్లీ వంగి మా వీధిలోకి వస్తోంది.

"దాని మీదైతే నేనూ పెట్టొచ్చు" అన్నారు.

నిజంగానే పెట్టారు. మంగళవారం కరెంటు పోయి, బాగుచేసి ఇంటికొచ్చి, తడి బట్టలతోనే మా సర్వీసు నంబరు చెప్పి ఫిర్యాదు రాయించారు. అది పిండి మరకి చేరింది. ఇక ఊరిని ఎవరూ ఆపలేకపోయారు. మనిషి మీద చెప్పమంటే నోరు రానివాళ్లు తీగ మీద చెప్పమనేసరికి వరస కట్టారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు తాతగారు ఆ తీగ తన తోటలోకి వచ్చిన ముహూర్తం నుంచి మొదలుపెట్టి, అది తెగిన ప్రతి గాలివానా పూసగుచ్చినట్టు చెప్పారట. "ఆ తీగకి సిగ్గు లేదమ్మా, తల్లీ" అంది పైడమ్మ మామ్మ. "పిండి సగం ఆడేక పోద్ది." ఆ అమ్మాయి ఈసారి మామ్మని, మీరు అన్నం తిన్నారా అని అడిగిందట. మామ్మ వారం రోజులు అదే చెప్పుకుంది.

జూలై ఆఖరి పది రోజులూ గాలులు ఆగలేదు. కరెంటు పోయినా ఊరి ఫోను మోగేది కాదు. దాన్ని బట్టే ఊళ్లో అందరూ ఏం చేస్తున్నారో నాకు తెలిసేది.

*

ఆగస్టులో నాన్నకి ప్రశంసాపత్రం ఇచ్చారు. వద్దంటే ఏఈ గారు ఊరుకోలేదు. దాన్ని అమ్మ పటం కట్టించలేదు, బీరువాలో బట్టల కింద పెట్టింది.

ఆ తర్వాత వారం దానియేలు మావయ్య వచ్చాడు. వాకిట్లోంచే చెప్పెయ్యొచ్చు కదా, చెప్పలేదు. మూడు మెట్లూ ఎక్కాడు. కుర్చీలో కూర్చున్నాడు. కర్ర గోడకి ఆనించాడు.

"మూడు లైన్లలో రెండోది మీదే" అన్నాడు.

నాన్న "ఆయ్" అన్నారు. రెండోసారి కూడా "ఆయ్" అన్నారు. అమ్మ కాఫీ తెచ్చి మావయ్యకి ఇచ్చింది. ఈసారి లోపలికి వెళ్లలేదు. పక్కనే పీట వేసుకుని కూర్చుంది. మావయ్య తాగడం అయ్యేదాకా కూర్చుని, "ఇంకొంచెం పొయ్యనా అన్నయ్యా?" అంది.

సర్కారు పని అంత తొందరగా అవుతుందని మేం అనుకోలేదు. గడువులోగా ఖర్చు చెయ్యకపోతే గ్రాంటు వెనక్కి పోతుందట, అందుకని పరుగులు పెట్టారు. సెప్టెంబరులో కేబుల్ చుట్టిన పెద్ద పెద్ద చెక్క చక్రాలతో లారీ బయల్దేరి జొన్నాడ దగ్గర చెడిపోయింది. రెండు రోజులు అక్కడే ఉంది. ఆ రెండు రోజులూ మా ఊళ్లో అన్నాల దగ్గర కూడా ఆ లారీ మాటే. కాలవ గట్టు వెంబడి కందకం తవ్వారు. తాతగారు తోటలో తవ్వుతున్నంతసేపూ కుర్చీ వేసుకుని కూర్చుని, కొబ్బరి వేళ్లు తెగకుండా ఎక్కడ వంపు తిప్పాలో చెప్పారు, వచ్చిన పనివాళ్లందరికీ బొండాలు కొట్టించారు. ఇళ్లకి వెళ్లే తీగలకి నల్ల తొడుగు కేబుల్ వచ్చింది. అటువైపు పెద్ద లైనుకి కూడా లావుపాటి స్తంభాలు వేశారు.

పాత తీగ దించి చుట్ట చుట్టిన రోజు నాన్న దాని దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కో అతుకూ వేళ్లతో తడిమి చూశారు. "ఇది నువ్వు పుట్టిన ఏడు కట్టింది" అన్నారు నాతో. "ఇది దానియేలు కట్టింది. ఆడి ముడి వేరు."

చుట్టని, తోటలో పీకిన స్తంభాలని లారీలో పడేశారు. నాన్న చేతులు దులుపుకున్నారు.

*

అక్టోబరు ఆఖరులో తుఫాను వచ్చింది. తీరం దాటేది ఇటేనని రెండు రోజుల ముందే మైకులో చెప్పారు. బడికి సెలవిచ్చారు. పొద్దున్నుంచే వాన. మధ్యాహ్నానికి గాలి కొబ్బరి చెట్లని ఒకే వైపుకి దువ్వినట్టు వంచేసింది.

నాన్న బెల్టు, చేతి తొడుగులు, టార్చి అన్నీ గుమ్మం దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. అమ్మ ఆ బెల్టుని చూస్తూ చిక్కుళ్లు ఒలుస్తోంది. ఒలిచిన గింజలు తొక్కల్లోనూ, తొక్కలు గింజల్లోనూ వేస్తోంది.

రెండు గంటలకి కరెంటు పోయింది.

నాన్న లేచారు. బెల్టు తీశారు. అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. చిన్న ఫోను మోగింది.

"ఆయ్... ఆయ్... అలాగేనండి." ఫోన్ జేబులో పెట్టుకుని మా వైపు చూశారు. "ఏఈ గారు. గాలి ఎక్కువుందని ఆళ్లే ఆపేరంట. తగ్గేక ఇస్తారంట. బయటికి రావొద్దన్నారు."

"వెళ్లక్కర్లేదా?" అంది అమ్మ.

"మన లైన్లో ఎక్కడానికి ఏవుంది ఇప్పుడు?"

మళ్లీ కూర్చున్నారు. కానీ కూర్చోవడం ఆయనకి రాదు. ప్రతి గాలివానకీ మేం ఆయన కోసం ఎదురుచూడటమే గానీ, ఆయన మాతో కలిసి ఎదురుచూడటం ఎప్పుడూ లేదు. తోటలో మట్ట పడిన చప్పుడు వినిపించినప్పుడల్లా తల ఎత్తేవారు. మట్ట నేల మీద పడేది. అంతే, ఇంకే చప్పుడూ ఉండేది కాదు. తల దించుకునేవారు. కాసేపటికి అమ్మ చేతిలోంచి చిక్కుళ్ల పళ్లెం తీసుకుని గింజలూ తొక్కలూ వేరుచెయ్యడం మొదలుపెట్టారు.

గాలి నాలుగున్నరకి తగ్గింది. ఇంకా వెలుగు ఉంది. మా పక్కింటి రేకులు రెండు లేచిపోయి మా దొడ్లో పడ్డాయి. తాతగారి తోటలో ఆరు చెట్లు పడ్డాయి. మనుషులకి ఎవరికీ ఏమీ కాలేదని వీధిలో ఒకరికొకరు కేకలేసి చెప్పుకుంటున్నారు.

ఐదుంపావుకి కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. దండెం మీద తడి తుండు ఊగింది.

ముగ్గురం ఫ్యాను వైపే చూస్తూ ఉండిపోయాం. ఊళ్లో ఎవరూ ఎక్కలేదు. ఎవరూ దిగలేదు. కరెంటు దానంతటది వచ్చింది.

అమ్మ లేచి గుమ్మం దగ్గరున్న బెల్టు తీసి మేకుకి తగిలించింది. పొయ్యి దగ్గరకెళ్లి ముక్కు చీదుకుంది. నేను అటు చూడలేదు.

నాన్న ఊరి ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. పొద్దున్నుంచి ఒక్కసారి కూడా మోగలేదది.

"పాడైందేమో" అన్నారు. "అమ్మ ఫోన్లోంచి ఒకసారి చెయ్యమ్మా, మోగుద్దో లేదో చూద్దాం."

చేశాను. మోగింది. నాలుగడుగుల దూరంలో ఉన్న నాన్న, అలవాటు కొద్దీ, చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఆయ్, రాఘవులునండీ. చెప్పండి."

నేను పెట్టెయ్యలేదు.

"మా ఊళ్లో కరెంటు ఉందండీ" అన్నాను.

నాన్న నా వైపు చూడలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, కిటికీలోంచి స్తంభాలు లేని తోట వైపు చూశారు.

"ఆయ్" అన్నారు. పెట్టేశారు.